డాక్టరుగారి జవాబులు: 0.4 శాతం అంటే ఎంతమంది?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో రెసిడెన్సీ (డాక్టర్ల ఆసుపత్రి శిక్షణ) పూర్తిచేసింది. వీసా షరతు ప్రకారం మూడేళ్ళపాటు డాక్టర్లు దొరకని ప్రాంతంలో పనిచెయ్యాలట. అయోవా రాష్ట్రంలో ఒక పల్లెటూరు కుదిరింది. జనాభా పదిహేను వందలు. ఇంటర్నెట్‌లో చూస్తే తెల్లవాళ్ళు 94 శాతం, నల్లవాళ్ళు 1 శాతం, ఆసియన్లు 0.4 శాతం, హిస్పానిక్ 9 శాతం అని ఉంది. కలిపితే నూరు దాటుతోంది! ఆ లెక్కేమిటి? పిల్లను అలాంటి చోటికి పంపొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ శాతాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. పదిహేను వందల్లో 0.4 అంటే ఆరుగురు. హైవే పక్కన మోటెల్ నడుపుకునే గుజరాతీ కుటుంబం ఒకటి ఉంటే చాలు, ఆ లెక్క నిండిపోతుంది. పైగా 2020 సెన్సస్‌లో ఎవరి వివరాలూ బయటపడకూడదని చిన్న ఊళ్ళ అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ జరిపి ప్రచురించారు. కాబట్టి ఆ ఆరుగురు నిజానికి నలుగురే కావచ్చు, తొమ్మిదిమందీ కావచ్చు. మీ అమ్మాయీ అల్లుడూ వెళ్ళి దిగిన రోజున ఆ ఊరి ఆసియన్ శాతం ఎంత పెరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇక నూరు దాటడం సంగతి. అక్కడి సెన్సస్‌లో జాతి ఒక ప్రశ్న, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ తొమ్మిది శాతం జనం పై లెక్కల్లోనూ మళ్ళీ ఎక్కడో ఒకచోట ఉంటారు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒక్కటే అడగాలని 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది.

మీరు అడిగింది లెక్క గురించి కాదని నాకు తెలుసు. ఆ ఊళ్ళో ఎవరుంటారు, మా పిల్లను ఎలా చూస్తారు అన్నదే కదా మీ బెంగ? ఆ పట్టిక అది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో పోస్ట్‌విల్‌ను చూస్తే తెలుస్తుంది. నేను ఈశాన్య అయోవాలో ఆ చుట్టుపక్కలే చాలా ఏళ్ళు ప్రాక్టీసు చేశాను.

పోస్ట్‌విల్ రెండు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. జర్మన్, నార్వేజియన్ మూలాలున్న లూథరన్ క్రైస్తవ రైతులు ఎక్కువ. 1987లో న్యూయార్క్ బ్రూక్లిన్ నుంచి ఒక యూదు కుటుంబం వచ్చి, మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీని కొని కోషర్ మాంసం తయారీ మొదలుపెట్టింది. మనకు తెలిసిన హలాల్‌లాగే దానికీ మతనియమం ఉంది. వాళ్ళ మతంలో శిక్షణ పొందినవాళ్ళే పశువును కొయ్యాలి. అందుకని నల్ల కోట్లు, పొడుగు గడ్డాలతో హసిడిక్ అనే సంప్రదాయ శాఖకు చెందిన యూదు కుటుంబాలు పిల్లాజెల్లాతో ఊళ్ళోకి దిగాయి. మిగతా పనికి మొదట తూర్పు యూరప్ నుంచి, తర్వాత మెక్సికో, గ్వాటెమాలాల నుంచి కూలీలు వచ్చారు.

ఇప్పుడు సెన్సస్ పట్టిక తీసి చూడండి. యూదులు ఎక్కడ? ఎక్కడా లేరు. అమెరికా సెన్సస్‌లో మతం అడగరు. ఇంట్లో తమ యిడ్డిష్ భాష మాట్లాడే రబ్బీ (యూదుల మతగురువు), పక్కవీధిలో పంది మాంసం వేపుకునే లూథరన్ రైతు ఒకే గడిలో ఉంటారు: తెల్లవాళ్ళు. ఆ ఊరి ముఖాన్నే మార్చేసిన సంగతికి ఆ పట్టికలో ఒక్క అంకె కూడా లేదు.

ఆ మాటకొస్తే 'తెల్లవాళ్ళు' అన్న గడిలోనూ పాత గోడలున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 మేలో, అయోవా గవర్నరు విలియం హార్డింగ్ ఒక ఉత్తర్వు వేశాడు: బళ్ళలో, చర్చిల్లో, బహిరంగ స్థలాల్లో, చివరికి టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష పలకకూడదని. అది ఎవరి మీద? ఇవాళ 94 శాతంలో కలిసిపోయిన ఈ జర్మన్, నార్వేజియన్ తాతల మీదే.

మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు మా క్లినిక్‌కు చేతుల నొప్పితో వచ్చేవాళ్ళు. రోజంతా కత్తి పట్టుకుని ఒకే కోత కోసీ కోసీ, తెల్లారేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకోవాలి. ఒకసారి ఒక గ్వాటెమాలా ఆవిడ వచ్చింది. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్ చూస్తూ 'మీ జాతి?' అని అడిగితే, 'గ్వాటెమాలా' అంది. ఆ గడి లేదు. ఫోనులో ఉన్న దుబాసీ స్పానిష్‌లో మళ్ళీ అడిగాడు. ఆవిడ 'సీ' అంది, అంటే స్పానిష్‌లో 'అవును'. ఏమడిగినా 'సీ' అనే అంటోంది. ఆవిడ ఇంటిభాష కక్చికెల్, అది మాయా జాతివాళ్ళ భాష. స్పానిష్ ఆవిడకీ పరాయి భాషే. వెనకాల వరుస పెరిగిపోతోంది. రిసెప్షన్ అమ్మాయి 'తెలుపు, హిస్పానిక్' అని నొక్కేసి, 'కూర్చోండి' అంది. మీరు ఇంటర్నెట్‌లో చూసే శాతాల వెనక ఇలాంటి నొక్కుళ్ళు చాలానే ఉంటాయి.

2008 మే 12న ఫెడరల్ ఇమిగ్రేషన్ అధికారులు హెలికాప్టర్లతో ఆ ఫ్యాక్టరీ మీద పడ్డారు. 389 మందిని అరెస్టు చేశారు, ఎక్కువమంది గ్వాటెమాలావాళ్ళు. ఊరి జనాభాలో ఇంచుమించు ఆరోవంతు ఒక్క పూటలో మాయమైంది. వాళ్ళను వాటర్లూలో పశువుల ప్రదర్శనలు జరిపే మైదానానికి తీసుకెళ్ళి, అక్కడే కోర్టు పెట్టి, గుంపులు గుంపులుగా శిక్షలు వేశారు. చాలామందికి ఐదు నెలల జైలు, ఆపైన దేశబహిష్కారం. మిగిలిన ఆడవాళ్ళూ పిల్లలూ ఊళ్ళోని సెయింట్ బ్రిజెట్ చర్చిలో తలదాచుకున్నారు. వాళ్ళకు వండిపెట్టినవాళ్ళలో ఆ లూథరన్ గృహిణులూ ఉన్నారు.  ఫ్యాక్టరీ నడపడానికి మనుషులు కావాలి కాబట్టి సోమాలియా నుంచి వచ్చినవాళ్ళను, పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దీవులవాళ్ళను పట్టుకొచ్చారు. ఒప్పందం ప్రకారం పలావు పౌరులు అమెరికాలో వీసా లేకుండా పనిచేసుకోవచ్చు. అయినా ఫ్యాక్టరీ దివాలా తీసింది. 2009లో కొత్త యజమానులు వచ్చి మళ్ళీ కోషర్ మాంసమే తయారుచేస్తున్నారు.

నేను చెప్పేది ఇంతే. పల్లెలో ఎవరుంటారన్నది అక్కడ పని ఎవరిస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి శాతాలు చూడకండి, ఆ ఊళ్ళో పెద్ద ఉద్యోగదాత ఎవరో కనుక్కోమనండి. మాంసం ఫ్యాక్టరీయా, గుడ్ల ఫారాలా, ఆసుపత్రేనా? ఆసుపత్రిలో ఇంతకుముందు మూడేళ్ళ షరతు మీద వచ్చిన డాక్టర్లు ఉండిపోయారా, గడువు తీరగానే పెట్టె సర్దుకున్నారా? వాళ్ళలో ఒకరికి ఫోను చేసి మాట్లాడమనండి. వారానికి ఎన్ని రాత్రులు ఆన్‌కాల్ (పిలిస్తే వెళ్ళాల్సిన డ్యూటీ) ఉంటుందో కాగితం మీద రాయించుకోమనండి. నా అనుభవంలో జాతి కన్నా ఆన్‌కాల్ ఎక్కువమందిని తరిమేసింది.

'నాకు అమెరికన్ డాక్టరు కావాలి' అనే పేషెంటు ఒకరిద్దరు తగులుతారు. లేరని చెప్పను. 'మీరు ఏ చర్చికి వెళ్తారు?' అని మాత్రం అందరూ అడుగుతారు. అది నిలదీయడం కాదు, పలకరింపు. పంపండి.

ప్రశ్న: అమెరికా సెన్సస్ ఫారంలో మనవాళ్ళు ఏ గడిలో టిక్కు పెట్టాలి? మా బావమరిది 'అమెరికన్ ఇండియన్' అని పెట్టాడట.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మీ బావమరిదిగారు ఒక్కరే కాదు, అలా పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ గడి అక్కడి ఆదివాసులది. అయోవాలోనే తామా కౌంటీలో మెస్క్వాకీలున్నారు. ప్రభుత్వం వెళ్ళగొట్టిన తర్వాత తిరిగొచ్చి, 1857లో సొంత డబ్బుతో 80 ఎకరాలు కొనుక్కుని నిలబడ్డ జనం. వాళ్ళ గడిలో మనం కూర్చోకూడదు. మనది 'ఏషియన్ ఇండియన్'. అది 1980లో వచ్చింది, అదీ మనవాళ్ళ సంఘాలు పట్టుబడితే.

అంతకుముందు సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1920, 1930, 1940 సెన్సస్‌లలో మన జాతి పేరు 'హిందూ'. సిక్కు రైతును కూడా అలాగే రాశారు. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే సిక్కు కేసులో, సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారు అంది. పౌరసత్వం 1946 చట్టంతో గానీ రాలేదు. 1970 సెన్సస్‌కు వచ్చేసరికి మనల్ని తెల్లవాళ్ళలోనే కలిపి లెక్కేశారు! మనుషులు మారలేదు, గడి మారింది.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి తలతిక్క గడులు లేవు కదా?
– ఆదిలాబాద్ పాఠకుడు

జవాబు: మీ జిల్లాలో ఉండి ఈ మాట అడుగుతున్నారా! మీ దగ్గర తండాలో ఉన్న లంబాడీ ఎస్టీ. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో ఉన్న ఆయన చుట్టం ఎస్టీ కాదు, విముక్త జాతి. కర్ణాటకలో ఉన్న చుట్టం ఎస్సీ. ముగ్గురూ ఒకే పెళ్ళిలో ఒకే భాషలో పాటలు పాడతారు. 2027 జనగణనలో అన్ని కులాలనూ లెక్కిస్తామంటున్నారు. ఏ గడిలో ఎవరు పడతారో అప్పుడు చూద్దాం.

ప్రశ్న: మనవడి కోసం ఆరు నెలలు అమెరికా వెళ్తున్నాం. సెన్సస్ సమయానికి అక్కడుంటే మమ్మల్నీ లెక్కిస్తారా?
– ఒక తాతగారు, విజయవాడ

జవాబు: లెక్కించరు. విజిటర్ వీసా మీద చూడటానికి వెళ్ళినవాళ్ళు ఏప్రిల్ 1న అక్కడున్నా లెక్కలోకి రారు. మనవడు అక్కడే ఉంటున్నాడు కాబట్టి, నెల బిడ్డయినా వస్తాడు. వాడి పేరు రాయడం మర్చిపోవద్దని మీ అబ్బాయికి చెప్పండి. పసిపిల్లల్ని వదిలేయడం అక్కడ ప్రతి సెన్సస్‌లోనూ జరుగుతోంది.