పెద్ద ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ల మాటలు విన్నాక మనసు కుదుటపడకపోతే ఏం చేయాలి?

నాకేమీ జరగలేదు, అయినా వాళ్ల మాటలు విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, ఇది మరీ అతి అంటారా అని అడిగారు. అతి కాదండీ. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగినప్పుడు నాకూ ఇలాగే అయింది. మాది విశాఖ. మా మేనమామ వాళ్లు రైల్వే ఉద్యోగంతో ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. చిన్నప్పటి నుంచి వాళ్లింటికి మేం వెళ్లేది ఆ బండిలోనే.

దాదాపు 300 మంది పోయారు. ఆ వారమంతా ఫోన్ చేతిలోంచి దిగలేదు. పట్టాల మీద చెల్లాచెదురుగా పడిన బెంగాలీ ప్రేమ కవితల కాగితాలు. హౌరా నుంచి అంబులెన్స్ వేసుకుని వచ్చి, కొడుకు ఏ ఆసుపత్రిలోనూ కనిపించకపోతే శవాలు పెట్టిన చోటికి వెళ్లి, అక్కడ ప్రాణంతో ఉన్న కొడుకును గుర్తుపట్టిన తండ్రి. కళ్లు మూస్తే ఇవే. అన్నం సయించేది కాదు.

అప్పుడే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) అధిపతి చెప్పిన మాట ఒకటి చదివాను. అక్కడ పనిచేసిన తమ సిబ్బందిలో ఒకరికి నీళ్లు చూస్తే రక్తంలా కనిపిస్తోందట, ఇంకొకరికి ఆకలే వేయడం లేదట. వాళ్లకు కౌన్సెలింగ్ ఇప్పించారు. శవాలు ఉంచిన బహానగా హైస్కూల్లో అడుగుపెట్టడానికి పిల్లలు భయపడితే, ఆ గదులను కూల్చేశారు. శిక్షణ ఉన్నవాళ్లకే అలా అయితే మనమెంత అనిపించి, కాస్త తేలికపడ్డాను.

కానీ అసలు మార్పు ఆ తర్వాత వచ్చింది. మా వీధిలో ఇల్లు కడుతున్న బెంగాల్ మేస్త్రీ ఒకాయన ఆ బండి జనరల్ బోగీలో ఉన్నాడని తెలిసింది. నేను అడగలేదు, టీ తాగుతూ తనే మొదలుపెట్టాడు. బోగీ తిరగబడటం గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. మిగతా అరగంటా ఆ తర్వాత జరిగిందే. ఊరివాళ్లు సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని వచ్చి కిటికీలోంచి లాగడం, ఎవరో ఆవిడ నీళ్లిచ్చి తన ఫోన్‌లోనే ఇంటికి మాట్లాడించడం, మిగిలిన ఒక్క చెప్పునూ ఆసుపత్రి దాకా మోసుకెళ్లడం. "ఎందుకు మోశానో నాకే తెలీదు సార్" అని నవ్వాడు కూడా. నవ్వాలో లేదో తెలియక నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ ఆ బండిలోనే వచ్చావా అంటే, "ఇంకేం బండి ఉంది?" అన్నాడు.

వీడియోలు చూపించేది ఆ రెండు ముక్కలనే. వెనక ఏడుపు సంగీతం పెట్టి, పదే పదే. (ఆ సంగీతం పెట్టేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.) మనిషి కథలో మిగతా భాగం మనదాకా రాదు. అందుకే వినడం పూర్తిగా మానేయమని నేననను. ముక్కలు చూడకండి. ఒక్కరి కథే తీసుకుని, ఆసుపత్రి, ఇల్లు, మళ్లీ పని దాకా చదవండి. చదివేటప్పుడు ఎక్కడ ఆపాలో మన చేతిలో ఉంటుంది, వీడియోలో ఉండదు. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

ఇంకోటి, నాకు కారణం తెలియడం కూడా పనికొచ్చింది. సిగ్నల్ వైర్లు తప్పుగా కలపడం వల్ల, మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నల్ ఉండగానే బండి పక్కనుండే లూప్ లైన్‌లోకి మళ్లి అక్కడ ఆగి ఉన్న గూడ్సును గుద్దిందని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. అది చదివాక భయం పోలేదు గానీ సగం కోపంగా మారింది. ఆ కోపంతో కనీసం అన్నం తినగలిగాను!

వాళ్లు అంత బాధలో ఉంటే నేను సినిమాకి ఎలా వెళ్లను అని కూడా రాశారు. వెళ్లండి. మీరు మానేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఏదైనా చేయాలనిపిస్తే రక్తం ఇవ్వండి, ఆ రాత్రి బాలాసోర్ కుర్రాళ్లు ఆసుపత్రి ముందు వరుస కట్టింది అందుకే.

వారాలు గడిచినా నిద్ర, తిండి దారిలో పడకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నాకేమీ జరగలేదు కదా, ఏమని చెప్పను అనుకోకండి. నాకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పండి.