రేషియో 2.1 ఉన్న పార్టీ దగ్గరే నా బిల్లు ఆగింది

కరెంట్ రేషియో (ఏడాదిలోపు నగదుగా మారే ఆస్తుల్ని ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులతో భాగిస్తే వచ్చేది) 2 దాటిన కంపెనీకి మూడు నెలల అరువు మీద సరుకు ఇవ్వొచ్చా అని అడిగారు. అదొక్కటే చూసి ఇవ్వకండి. నేను అలాగే ఇచ్చి ఇరుక్కున్నాను.

మాది గుంటూరు దగ్గర ప్రింటెడ్ కవర్లు వేసే చిన్న యూనిట్. కొన్నేళ్ల కిందట ఒక కారప్పొడి కంపెనీ పెద్ద ఆర్డరిచ్చి 90 రోజుల క్రెడిట్ అడిగింది. బ్యాలెన్స్ షీట్ చూపించమంటే వెంటనే పంపారు. కరెంట్ ఆస్తులు 4.20 కోట్లు, ఏడాదిలోపు కట్టాల్సినవి 2 కోట్లు. భాగిస్తే 2.1. బ్యాంకులో నా అప్పు లిమిట్ రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకు మేనేజర్ 1.33 ఉందా లేదా అని ప్రాణం తీస్తాడు (కరెంట్ ఆస్తుల్లో పావు వంతైనా దీర్ఘకాలిక డబ్బుతో పెట్టుకోవాలని 1975లో రిజర్వు బ్యాంకు వేసిన టాండన్ కమిటీ చెప్పిన లెక్క అది). అలాంటిది వీళ్లకు 2.1 కనపడేసరికి నేనిక ఇంకేమీ చూడలేదు.

మూడు నెలలు కాస్తా ఆరు నెలలైంది. ఫోన్ చేసినప్పుడల్లా 'సోమవారం వేసేస్తాం అండీ'. ఓ రోజు చెప్పకుండా గోడౌన్‌కి వెళ్లాను. గోడ పక్కన దుమ్ము పట్టిన కట్టలు కనపడితే తీసి చూశాను. నేను వేసిచ్చిన కవర్లే! పాత అడ్రసు, పాత ఎమ్మార్పీ ఉన్నవి, ఇక పనికిరావు. అవి కూడా పుస్తకాల్లో కొన్న రేటుకే స్టాక్‌గా ఉన్నాయి.

అప్పుడు కూర్చుని మళ్లీ లెక్క వేశాను. 4.20 కోట్లలో 2.60 కోట్లు స్టాకే. అందులో సగానికి పైగా ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టిన కిందటేడాది మిర్చి. కొత్త కాయ యార్డుకు దిగాక రంగు తగ్గిన పాత సరుకుకి కొన్న ధర పలకడం కష్టం. స్టాక్ తీసేస్తే మిగిలింది 1.60 కోట్లు, అంటే రేషియో 0.8. అందులోనూ 60 లక్షలు ఒకే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఏడాదికి పైగా ఆగిన బాకీ. అదీ తీసేస్తే 0.5. అవతలి వైపు 2 కోట్లు మాత్రం పైసా తగ్గవు.

ఇంకో కిటుకుంది. 1.50 కోట్ల ఆస్తులు, కోటి అప్పులు ఉన్నవాడు మార్చి 31న పుస్తకాలు మూసే ముందు రోజు 50 లక్షల బిల్లులు కట్టేస్తే రేషియో 1.5 నుంచి 2కి ఎక్కుతుంది. ఏప్రిల్‌లో మళ్లీ మామూలే. అలాగని 1 కంటే తక్కువున్న ప్రతివాడూ మునిగిపోతున్నట్టు కాదు. రోజూ నగదుకి అమ్ముతూ, నెల తర్వాత సప్లయర్లకి కట్టే సూపర్ మార్కెట్‌కి అది మామూలే.

పార్టీ ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2021-22 నుంచి బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో రావాల్సిన బాకీలు ఆరు నెలల లోపువి ఎన్ని, ఏడాది దాటినవి ఎన్ని అని విడగొట్టి చూపాలి. కిందటేడాదితో పోలిస్తే రేషియో 25 శాతానికి మించి మారితే కారణం కూడా రాయాలి. నేను ఇప్పుడు ముందు ఆ పేజీయే తెరుస్తాను. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఇన్ని వివరాలు దొరక్కపోవచ్చు, వాళ్లకి సరుకు వేసే మరో ఇద్దరిని కనుక్కోవడమే.

నా డబ్బు పదకొండో నెలకి మూడు ముక్కలుగా వచ్చింది. మీ పార్టీది ఏ వ్యాపారం, స్టాక్ ఎంత, ఆరు నెలలు దాటిన బాకీలు ఎంత అనేది రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్తాను.