గిఫ్ట్ అని రాసి సున్నుండలు ఇచ్చాను

ఇంగ్లిష్ బాగా వస్తే మిగతా యూరప్ భాషలు ఇట్టే పట్టుబడతాయా అని ఒకరు అడిగారు. పట్టుబడవు. పైగా మనల్నే పట్టిస్తాయి. నాకు ఒక్క పదంతోనే ఆ సంగతి తెలిసొచ్చింది.

జర్మనీకి వచ్చిన రెండో ఏడు. లైప్‌జిగ్‌లో మా బిల్డింగు కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. మేం ఆఫీసులకు పోయాక వచ్చే పార్సిళ్లన్నీ ఆవిడే తీసుకుని దాచి ఉంచేది. క్రిస్మస్‌కి ఊరికే ఉండటం బాగోదని మా ఆవిడ సున్నుండలు చుట్టింది. ఒక అట్టపెట్టెలో సర్ది, పైన నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలతో ‘గిఫ్ట్’ అని ఇంగ్లిష్‌లో రాసి తీసుకెళ్లాను. తలుపు తీసింది ఆవిడ మనవడు. ఆ ఏడే బళ్లో వేశారట, అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. పెట్టె మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. చదివి రెండడుగులు వెనక్కి వేసి, “ఓమా! గిఫ్ట్!” అని లోపలికి కేక పెట్టాడు. ఓమా అంటే బామ్మ. గిఫ్ట్ అంటే విషం.

వాడి తప్పేం లేదు. మా సెల్లార్‌లో ఎలుకల కోసం పెట్టిన డబ్బాల మీద కూడా అదే పదం ఉంటుంది. పెట్టె మూత తీస్తే లోపల గోధుమ రంగు ఉండలు! పెద్దావిడ నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది. ఆ తర్వాత వాడే నాలుగు సున్నుండలు తిన్నాడు, అది వేరే సంగతి.

నాకు జర్మన్ నేర్పిన టీచర్ ఈ పదం సంగతి ఒక్కరోజూ చెప్పలేదు. డెర్, డీ, డాస్ అంటూ బల్లకి ఏ లింగం, చెంచాకి ఏ లింగం అని ఆరు నెలలు రుద్దించింది. ప్రాణాల మీదకొచ్చే మాటలు ముందు చెప్పొద్దూ?

ఈ పదానికి మూలం ‘ఇవ్వడం’. పాత జర్మన్‌లో దీనికి కానుక అనే అర్థం కూడా ఉండేది. మరి విషం ఎలా అయిందంటే, గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇచ్చేది, వైద్యుడిచ్చే మోతాదు. మనం రోజూ అనే డోసు అదే. దాన్ని జర్మన్‌లోకి మార్చి గిఫ్ట్ అన్నారు. “వాడికి ఇచ్చారు” అంటే ఏం ఇచ్చారో విన్నవాడికి అర్థమైపోతుంది కదా. క్రమంగా కానుక పోయింది, విషం మిగిలింది. డచ్‌లో మాత్రం గిఫ్ట్ అంటే ఇప్పటికీ కానుకే, విషాన్ని వాళ్లు ‘వెర్‌గిఫ్’ అంటారు. స్వీడిష్‌లో ఇదే స్పెల్లింగును యిఫ్ట్ అని పలుకుతారు. దానికి రెండర్థాలు: ఒకటి విషం, రెండోది పెళ్లయినవాడు. దీని మీద జోకులు వేయని స్వీడన్‌వాడు ఉంటాడని నేను నమ్మను.

చాలామంది దీన్ని వింతగా చెప్పుకుంటారు గానీ తెలుగువాడికి ఇందులో వింతేముంది? చెడ్డమాట నోటితో అనకపోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. పాము కరిస్తే పురుగు ముట్టిందంటాం. జర్మన్లు ఎలుకకి పెట్టేదాన్ని రాటెన్‌గిఫ్ట్ అంటే, మనం ఏకంగా ఎలుకల మందు అంటాం, దానికేదో జ్వరమొచ్చినట్టు. “మందు తాగాడు” అని ఊర్నుంచి ఫోనొస్తే, దగ్గుమందా, బ్రాందీయా, పురుగుమందా అని ఇక్కడ నా గుండె దడదడలాడుతుంది. ఇంగ్లిష్ పాయిజన్ కూడా మొదట్లో లాటిన్‌లో వట్టి ‘తాగేది’. స్పానిష్‌వాళ్లు విషాన్ని వెనేనో అంటారు, దాని మూలం వెతికితే రోమన్ల ప్రేమదేవత వీనస్ దగ్గర తేలుతుంది. అంటే అది మొదట వశీకరణానికి పెట్టే మందు. మన పల్లెల్లో “మొగుడికి మందు పెట్టింది” అనే మాట లేదూ?

అసలు చెప్పాలనుకున్నది ఇంకోటి. జర్మన్‌లో పాత అర్థం ఒక్క మాటలో గట్టిగా నిలిచింది: మిట్‌గిఫ్ట్. వెంట ఇచ్చేది, అంటే కట్నం. పాత ఇంగ్లిష్‌లో అయితే గిఫ్ట్ అనే మాటకి పెళ్లికూతురి కోసం ఇచ్చే సొమ్ము అని అర్థం, అచ్చంగా కన్యాశుల్కం. ఇప్పుడు ఇంగ్లిష్‌లో వాడుతున్న కానుక అర్థం తర్వాత ఉత్తర యూరప్ నుంచి వచ్చిన వైకింగుల భాష నుంచి వచ్చింది. ఒకే మాట ఒకచోట కన్యాశుల్కం, ఒకచోట వరకట్నం!

మనవాళ్లు దాన్ని మళ్లీ మొదటికి తెచ్చారు. 1961లో కట్నం మీద నిషేధ చట్టం వచ్చింది కదా, అందుకని మా చుట్టాల్లో ఇప్పుడెవరూ కట్నం అనరు. గిఫ్ట్ అంటారు. మా బాబాయి కూతురు, అంటే మా చెల్లెలి పెళ్లిలో వియ్యాలవారు “మాకేం వద్దండీ, అమ్మాయికి మీరు ఏది గిఫ్ట్ ఇచ్చుకున్నా మీ ఇష్టం” అన్నారు. ఆ ఇష్టం చివరికి కారు దగ్గర ఆగింది. వీడియో కాల్‌లో ఆ మాట విని నేను నవ్వితే మా బాబాయికి కోపమొచ్చింది. కారు మా బావగారు నడుపుతున్నారు. ఈఎంఐ ఇంకా మూడేళ్లు బాబాయి కట్టాలి.