వరద ఏడాదిలో ఎన్‌ఎస్‌ఎస్ సెల్ ముందు వేయాల్సింది కాగితాల బల్ల

ప్రశ్న: వరద ముంచిన ఏడాది యూనివర్సిటీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) సెల్ తన సొంత విద్యార్థులకు ఏం చేయగలదు? బియ్యం, దుప్పట్లు పంచితే చాలదా?

చాలదండీ. బియ్యం, దుప్పట్లు తెచ్చేవాళ్లు ఊరంతా ఉంటారు. తడిసిన టెన్త్ మెమోని, అంటే మార్కుల పత్రాన్ని, ఎలా ఆరబెట్టాలో చెప్పేవాళ్లే దొరకరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి పడ్డ గండ్లతో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా నానిన ఇంట్లో సర్టిఫికెట్ల ఫైలు ఉండేది బీరువా అడుగు అరలోనో, మంచం కింద పెట్టెలోనో. అంటే మొదట మునిగేది అదే.

అలాంటి ఫైళ్ల కోసం సెల్ వేయాల్సిన బల్లకి కావాల్సినవి ఇవి: రెండు పొడుగు బల్లలు, పైన ఫ్యాను, వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలు, మంచినీళ్లు, అచ్చు లేని తెల్ల కాగితం, బటర్ పేపర్, జిప్ కవర్లు, మెత్తటి బ్రష్, కత్తెర. ఇంతకు మించి ఖర్చు లేదు.

ఫైలు రాగానే చాలామంది చేసే తప్పు, కవరు లోంచి మెమోని లాగడం. తడి కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉంటుంది, లాగితే అక్షరాలు కవరుకే ఉండిపోతాయి. ముందు కవరు పైనుంచే రెండు వైపులా ఫొటో తీయాలి. తర్వాత కవరు అంచులు రెండు వైపులా కత్తిరించి, పై పొరను మెల్లగా ఎత్తాలి. రబ్బరు స్టాంపు, సిరా సంతకం ఉంటే నీళ్లలో ముంచొద్దు, కారిపోతాయి. బురద ఎండనిచ్చి బ్రష్‌తో దులపాలి. మెమోని తెల్ల కాగితాల మధ్య పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, బాగా ఆరాకే పైన బరువు పెట్టాలి. ఎండలో పెడితే వంకర్లు పోతుంది, రంగు వెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె అసలు వద్దు. పాత దినపత్రిక కూడా వద్దు, దాని సిరా మెమోకి అంటుతుంది. లామినేషన్ లోపలికి నీరు చేరితే పొర పీకకుండా, రాత లేని అంచు కత్తిరించి ఆరనివ్వాలి.

కాగితాలన్నీ కలిసి ముద్దయిపోతే విడదీయొద్దు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది కాబట్టి, జిప్ కవర్లో పెట్టి కరెంటు ఉన్న చోట డీప్ ఫ్రీజర్‌లో పెట్టించాలి. ఐస్‌క్రీమ్ కొట్టువాణ్ని అడిగినా కాదనడు. తీరిక దొరికాక బయటికి తీసి, మంచు కరిగేకొద్దీ ఒక్కొక్కటీ విడదీయొచ్చు.

పక్క బల్ల మీద డిజిలాకర్, అంటే సర్టిఫికెట్లను ఫోన్‌లో చూపే ప్రభుత్వ యాప్. ఇక్కడా పిల్లలు పొరపడతారు. తామే ఫొటో తీసి ఎక్కించింది అసలుతో సమానం కాదు. బోర్డు లేదా యూనివర్సిటీ జారీ చేసినట్టు కనిపించేదే చెల్లుతుంది. మెమో రాకపోతే ముందు పేరు చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా ఉంటే అక్కడే ఆగిపోవచ్చు.

ఇక హాజరు. బువ్వకంటే దీని గురించే ఎక్కువ దిగులు పడాలంటాను. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం కావాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే కండొనేషన్, అంటే తగిన కారణం చూపితే ఆ లోటుని మన్నించడం. ఇల్లు మునిగి నెలపాటు క్లాసుకి రాని అబ్బాయి సెమిస్టర్ చివర్లో పరుగెత్తుకొస్తే ఎవరూ వినరు. అందుకే వరద వచ్చిన మొదటి వారంలోనే సెల్ వాళ్లు రోల్ నంబరు, వీధి, ఇల్లు మునిగిన తేదీలతో జాబితా రాసి, వార్డు సచివాలయం ధ్రువీకరణ జతచేసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

కోపమొచ్చే విషయం ఇంకొకటి. ఒక ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కి 100 మంది వాలంటీర్లు, ఒక్క ప్రోగ్రామ్ ఆఫీసర్, ఆయనకి పాఠాలు కూడా ఉంటాయి. అంత పనిలోనూ ముందు తయారయ్యేది బ్యానర్! దానికి పెట్టే డబ్బుతో జిప్ కవర్లు కట్టలు కట్టలుగా వస్తాయి. వాలంటీరు ఏడాదికి చేయాల్సిన 120 గంటల సేవ లెక్కలో, తన వీధిలోనే బురద ఎత్తిన పిల్లకు ఆ గంటలు రాయాలి. ఆమె ఇల్లే మునిగిందని లెక్కలోంచి తీసేయడం అన్యాయం. బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సిందీ అలాంటి పిల్లనే. తడి ఫైలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆమెతో అయితే నోరు విప్పి మాట్లాడతారు.