ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న తీసెయ్యమ్మా

చి. అరుణకు ఆశీస్సులు.

పీహెచ్‌డీకి వికలాంగుల జీవితాలను అంశంగా తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నావళి చూశాను. మొదటి ప్రశ్నే ‘మీ వైకల్యం ఎంత శాతం?’ అని పెట్టావు. అది వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరు తేల్చే లెక్క. నా పోలియో కాలితో నేనూ ఆ లైన్లో నిలబడ్డవాణ్ణే. పింఛనుకు కావలసిన 40 శాతం వస్తుందా రాదా అన్నదే అక్కడందరికీ దిగులు. నువ్వూ అదే అడిగితే నిన్ను పింఛను ఇప్పించే మేడమ్ అనుకుంటారు, ఇక ప్రతి జవాబూ దాని చుట్టే తిరుగుతుంది. దాని బదులు ‘పొద్దున్నే ఇంట్లోంచి బయటికి ఎలా వస్తారు?’ అని అడుగు. వాళ్లే చెప్పుకుపోతారు.

ఒక్క వికలాంగుల సంఘం ఆఫీసుకే వెళ్లి మనుషుల్ని ఎంచుకోకు. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. తలసీమియా పిల్లవాడి తల్లి సంఘంలో కనిపించదు, రక్తం ఎక్కించే వార్డు బయట కూర్చుని ఉంటుంది.

బధిరులతో మాట్లాడేటప్పుడు పక్కనున్న అమ్మనో అన్ననో దుబాసీ చెయ్యకు. ఇంట్లోవాళ్ల మీద ఫిర్యాదు ఉంటే వాళ్ల నోటితోనే ఎలా వస్తుంది? సంజ్ఞా భాష తెలిసినవాళ్లకు డబ్బు బడ్జెట్‌లోనే రాయి. కార్యక్రమం గంట దాటితే ఇద్దరు కావాలి, అరగంటకోసారి మారకపోతే చేతులూ బుర్రా అలిసిపోతాయి.

ఇక యూనివర్సిటీలో ఏం చేద్దామని అడిగావు. ర్యాలీలూ బ్యానర్లూ వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న ఎవరో ఒకరు ఎలాగూ పెడతారు. నువ్వు లైబ్రరీ నుంచి మొదలుపెట్టు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు నోట్సును, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అర్థం లేని అక్షరాలుగా చదువుతుంది. చూపులేని విద్యార్థికి వికలాంగుల 5 శాతం కోటాలో సీటొచ్చినా చదవడానికి పాఠం ఉండదు. నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టి వాటిని యూనికోడ్‌లోకి మార్పించు. ఏ పాఠం ముందో ఆ పిల్లలనే అడుగు.

ఒకసారి ‘అడ్డంకులు లేని ప్రాంగణం’ మీద మాట్లాడమని నన్ను పిలిచి, సభ రెండో అంతస్తులో పెట్టారు. నలుగురు నన్ను కుర్చీతో సహా మోసుకెళ్లారు. పైగా చప్పట్లు!

వచ్చే నెల మీ క్యాంపస్‌కి వస్తాను. గేటు నుంచి మీ డిపార్ట్‌మెంటు దాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టి రాయి.

మీ పెదనాన్న