ఇంగ్లండ్‌లో ఇంటి పక్క పబ్‌కి లైసెన్స్ వద్దంటే కౌన్సిల్ ఆపేస్తుందా?

వద్దన్నంత మాత్రాన ఆపదు, చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. 2003 లైసెన్సింగ్ చట్టంలో అవి నాలుగే: నేరాలు-గొడవలు, ప్రజల భద్రత, చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బంది, పిల్లలకి హాని. దరఖాస్తు పడ్డాక 28 రోజుల్లో పోలీసులు గానీ, స్థానికులు గానీ, ఎవరూ సరైన అభ్యంతరం రాయకపోతే కౌన్సిల్ లైసెన్స్ ఇచ్చి తీరాలి, కాబట్టి ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. ఉదాహరణకి రాత్రి 1 దాకా డీజే పెడతామన్నారనుకోండి, మీ పడకగది ఎంత దగ్గరో, నిద్ర ఎలా పాడవుతుందో రాస్తే, విచారణ జరిపి 11కే పాటలు ఆపాలనో, కిటికీలు మూసి ఉంచాలనో షరతు పెట్టొచ్చు. చాలామంది పొరపడేది ఇక్కడే: "ఇంకో పబ్ ఎందుకు, ఇళ్ల ధరలు పడిపోతాయి" అని రాస్తారు, అవి లెక్కలోకి రావు.