కొత్త క్లిప్పులు వేసినా బంపర్ కవర్ జారుతుంటే

తప్పు క్లిప్పులది కాకపోవచ్చు. కొత్తవి వేసినా వేగంలో మూల ఊడుతోందంటే, ఫెండర్ (కారు ముందు చక్రం పైన ఉండే రేకు) అంచు వెనక ఉండే ప్లాస్టిక్ బ్రాకెట్ పళ్లు విరిగి ఉండవచ్చు. అది పట్టు వదిలితే బరువంతా క్లిప్పుల మీదే పడుతుంది. ముందు దాన్ని మార్చండి.

తర్వాత, పైవరుసలో క్లిప్పుల బదులు బోల్టులు వేయాలంటే:

1. రంధ్రం వ్యాసం కొలవండి. చాలావాటికి ఎం6 (6 మి.మీ. వ్యాసం) స్టెయిన్‌లెస్ బోల్టు సరిపోతుంది.
2. వెనక రేకు అంచుకు తొడిగే క్లిప్ నట్ పెట్టండి.
3. బోల్టు తల కింద వెడల్పాటి వాషర్ తప్పనిసరి.

ఎక్కువమంది మరిచేది బిగింపు. కవర్ ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. దానికి కదిలే చోటు కావాలి. అందుకే అన్ని బోల్టులూ ముందు వదులుగా ఎక్కించి, హెడ్‌లైటు పక్కన సందు రెండువైపులా సమానంగా వచ్చాక, చేత్తోనే బిగించండి. వాషర్ చుట్టూ ప్లాస్టిక్ లోపలికి నొక్కుకుపోతే అతి అయినట్టే. ఒక చుట్టులో సగం వెనక్కి తిప్పండి. పవర్ డ్రిల్లు జోలికి పోవద్దు.

బోల్టు వదులవుతుందని థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పూసే జిగురు) పూయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్లిస్తాయి.

కింది వరుసలో మాత్రం క్లిప్పులే ఉంచండి. రాయి తగిలితే ఊడిపోవలసింది క్లిప్పే, చిరిగిపోవలసింది కవర్ కాదు.